చివరి స్టాండు దగ్గర చప్పుడు

ఆ పడవల యార్డులో చివరి మూలకి మంచి పేరు లేదు.

యార్డంటే మరేం కాదు, సముద్రపు గోడ వెంట పొడుగ్గా ఉండే ఖాళీ జాగా. పాతబడ్డ తెరచాప పడవల్ని క్రేనుతో నీళ్లలోంచి ఎత్తి, ఇనప స్టాండ్ల మీద నిలబెడతారు. అరిగినవి మార్చి, రంగులేసి, మళ్లీ దింపుతారు. పగలంతా రంపాల రొద, రంగుల ఘాటు. సాయంత్రం ఆరు దాటిందంటే గేటు గదిలో వాచ్‌మన్ తాత తప్ప పురుగు కూడా ఉండదు.

గేటు నుంచి నడిస్తే పెయింటు షెడ్డు, దాని వెనక కట్టెల కుప్ప, ఆ వెనక సముద్రపు గోడని ఆనుకుని చివరి స్టాండు. లైటు వెలుగు అక్కడి దాకా రాదు. ఆ స్టాండు మీద పన్నెండేళ్లుగా ఒకటే చెక్క పడవ. దాని పక్కన ఇంకో పడవకి చోటుంది. ఆ చోటు కూడా పన్నెండేళ్లుగా ఖాళీ. యార్డు ఎంత నిండినా అక్కడ పెట్టమని ఎవరూ అడగరు.

ఎందుకంటే, రాత్రిపూట అక్కడ సుత్తి చప్పుడు వినిపిస్తుందట.

టక్… టక్… టక్… ఆగుతుంది. ఎవరో చెవి పెట్టి విన్నట్టు కాసేపు నిశ్శబ్దం. మళ్లీ— టక్.

ఒక వెల్డరు విన్నాడు. సామాను అక్కడే పడేసి వచ్చాడు. తెచ్చుకోవడానికి మర్నాడు మధ్యాహ్నం ఇద్దర్ని వెంటేసుకుని వెళ్లాడు. ఒక పెయింటరు విన్నాడు. ఆ తర్వాత అతను ఆ యార్డులోనే కనిపించలేదు.

ఆ ఖాళీ చోట ఒకప్పుడు ఒక డాక్టరుగారి పడవ ఉండేది. రిపేరంతా చేయించుకుని, కొత్త రంగులేయించుకుని, ఆయన ఒక్కడే సముద్రం మీదికి వెళ్లాడు. నాలుగో రోజు గాలివానలో తెరచాప కొయ్య కూలిందని దూరంగా వెళ్తున్న ఓడవాళ్లు చూసి చెప్పారు. అంతే. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు.

ఆ డాక్టరే వస్తున్నాడని యార్డులో మాట. తన పడవకి ఏం రోగం వచ్చి కూలిందో ఇంకా వెతుక్కుంటున్నాడట…

ఈ మాట విని నవ్విన మనిషి ఒక్కతే. పానా అక్క.

అసలు పేరు యార్డులో ఎవరికీ గుర్తులేదు. వెనక జేబులో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి పానా అక్క. నలభై ఐదేళ్లుంటాయి. పడవ ఇంజన్లు, కొయ్యని నిలబెట్టే ఉక్కు తీగలు, నీళ్ల వాల్వులు— ఈ పనుల్లో ఆవిడ చెయ్యి పడితే తిరుగులేదు. ఒకటే గుణం. ఎవర్నీ ఓ పట్టాన నమ్మదు. కొత్త పెట్టెలోంచి తీసిన బోల్టునైనా చేత్తో తిప్పి, వెలుగులో పెట్టి చూస్తే గానీ బిగించదు. మనుషుల సంగతీ అంతే.

చివరి స్టాండు మీది చెక్క పడవ చివరికి ఆవిడ చేతికే వచ్చింది.

పడవ ఒక టీచరమ్మది. తండ్రి పోయాక ఆమెకి దక్కింది. ఏడాది సెలవు పెట్టి, భర్తా తనూ తొమ్మిదేళ్ల కూతురూ కలిసి దీవుల వెంట తిరిగి రావాలని ఆమె కోరిక. అరిగిన ప్రతి వస్తువూ మార్చమంది. ఒక్కటి తప్ప. క్యాబిన్లో కుడి పక్కన గోడ మొత్తం కప్పేస్తూ ఒక పుస్తకాల అలమర ఉంది. అది నాన్న చేయించుకున్నదని, దాని మీద ఒక్క గీత కూడా పడనివ్వొద్దని చెప్పింది.

పానా అక్క మూడు వారాలు పనిచేసింది. చుక్కాని తాళ్లు మార్చింది. ఎండి పగిలిన రబ్బరు గొట్టాలన్నీ పీకి కొత్తవి వేసింది. కొయ్యకి రెండు పక్కలా కట్టే ఉక్కు తీగలు కొత్తవి తెప్పించింది. ఆ తీగలు పడవ పక్కన స్టీలు పట్టీలకి బిగుసుకుంటాయి. పట్టీల పైభాగం డెక్కు మీద తళతళలాడుతూ ఉంది. కిందిభాగం లోపల, అలమర వెనక.

శనివారం పొద్దున పోటు సమయానికి క్రేను రావాలి. ఇంకా వారం ఉందనగా ఇత్తడి వాల్వులు వచ్చాయి. ఆ ఏడు యార్డు స్టోరు తాళం రెండుసార్లు పగిలింది. అందుకని పానా అక్క దుప్పటి తెచ్చుకుని, సామానుకి కాపలాగా సోమవారం నుంచి పడవలోనే పడుకుంది.

సోమవారం రాత్రి…

నిద్రలో ఉండగా చెవి పక్కనే— టక్.

కళ్లు తెరిచింది. చీకటి. చెక్క గోడకి అవతల, సరిగ్గా తల ఉన్నచోట— టక్… టక్…

ఊపిరి బిగబట్టింది. పడవ స్టాండ్ల మీద ఉంది. తను పడుకున్న చోటు నేల నుంచి రెండు నిలువుల ఎత్తు. నిచ్చెన తను పైకి లాగేసుకుంది. బయట నిలబడి అక్కడ కొట్టాలంటే మనిషి గాల్లో నిలబడాలి.

టక్… టక్… ధబ్.

ఆ చివరి చప్పుడు వేరుగా ఉంది. తడిసిన మూట మీద కొట్టినట్టు.

టార్చి పట్టుకుని డెక్కు మీదికి ఎక్కేసరికి ఎవరూ లేరు. గోడ అవతల నీళ్ల చప్పుడు. దూరంగా తాత గదిలో రేడియో సన్నగా పాడుతోంది. అంతే.

తెల్లారి ఆవిడ ఎవరితోనూ అనలేదు. అనుమానం మాత్రం మొదలైంది. దెయ్యం మీద కాదు— బ్రోకరు మీద.

పాత పడవలు కొని అమ్మే బ్రోకరొకడు ఆ యార్డులోనే తిరుగుతుంటాడు. ఈ పడవ మీద అతనికి ఏడాదిగా కన్నుంది. ఇంత పాత చెక్కని నమ్ముకుని పిల్లని సముద్రం మీదికి తీసుకెళ్తారా అని టీచరమ్మని ఎన్నోసార్లు అడిగాడట. మంగళవారం పొద్దున్నే వచ్చి, నిచ్చెన కింద నిలబడి, పానా అక్కని చూసి నవ్వుతూ అడిగాడు.

"రాత్రి నిద్ర పట్టిందా అక్కా?"

"ఎందుకు పట్టదు?"

"ఏం లేదు. ఊరికే."

ఊరికే అడిగే మొహం కాదది. టీచరమ్మని భయపెట్టి చవగ్గా కొట్టేయాలని ఇతనే ఎవర్నో పెట్టి ఆడిస్తున్నాడని పానా అక్క తీర్మానించుకుంది. ఆ సాయంత్రం చెక్క అరగదీసిన మెత్తటి పొడి బకెట్టు నిండా తెచ్చి, పడవ చుట్టూ పిండి జల్లెడ పట్టినట్టు జల్లింది. మనిషన్నవాడు వస్తే అడుగు పడక తప్పదు.

చీకటి పడుతుండగా తాత టీ పట్టుకొచ్చాడు. ముసలాయన పెద్దగా మాట్లాడడు. ఎవరితో మాట్లాడినా నేల చూపులే. టీ ఇచ్చి వెళ్లిపోకుండా పడవ కుడి పక్కకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఆ అలమర తీయవా, అమ్మాయ్?"

పానా అక్క గ్లాసు కింద పెట్టింది. అలమర సంగతి ఈయనకెందుకు? తీయొద్దన్నారని చెప్పింది. తాత తలాడించి వెళ్లిపోయాడు.

ఇంకో అనుమానం. అలమర వెనక ఏదైనా దాచిపెట్టాడా ఏం?

ఆ రాత్రి ఆవిడ దుప్పట్లో మేలుకునే ఉంది. పానా చేతిలోనే. మొదట ఏమీ లేదు. కళ్లు మూతలు పడుతుండగా…

టక్… టక్… టక్…

ఈసారి ఒక జానెడు ముందుకి జరిగింది. మళ్లీ జానెడు. గోడ వెంట ఎవరో మెల్లగా తడుముకుంటూ పోతున్నట్టు…

ధబ్.

ఒక్క ఉదుటున పైకి ఎక్కింది. టార్చి చుట్టూ తిప్పింది. ఎవరూ లేరు. కిందికి వేసింది వెలుగు— చెక్కపొడి మీద ఒక పిల్లి నడిచిన గుర్తులున్నాయి. మనిషి అడుగు ఒక్కటి లేదు.

అప్పుడు మొదటిసారి పానా అక్క ఒళ్లు జలదరించింది. గబగబా కిందికి దిగి, క్యాబిను తలుపు గడియ పెట్టుకుని, తెల్లారేదాకా లైటు ఆర్పలేదు.

బుధవారం సాయంత్రం యార్డు గేటుకి లోపలి నుంచి తన సొంత తాళం వేసింది. తాళంచెవి మెళ్లో వేసుకుంది. బ్రోకరు మనుషులైతే ఈ రాత్రితో తేలిపోతుంది. తాత అది చూసి ఒక్క మాట అన్నాడు.

"నన్ను కూడా లోపలే పెట్టి తాళం వేస్తున్నావు కదూ."

నవ్వులాటకి అన్నాడో, ఎందుకన్నాడో ఆవిడకి అర్థం కాలేదు. గదిలో రేడియో పెట్టుకున్నాడు. దీపం ఆర్పాడు. ఆవిడ పడవెక్కి నిచ్చెన లాగేసుకుంది.

చప్పుడు వచ్చింది.

గేటుకి తాళం ఉంది. రేడియో పాడుతూనే ఉంది. అయినా వచ్చింది…

పానా అక్క ఈసారి లేవలేదు. లేచి ప్రయోజనం లేదని తెలిసిపోయింది. చేతులు ఒళ్లో బిగించుకుని కూర్చుంది. ఏం చేయాలో తోచక, జీవితమంతా చేసిన పనే చేసింది. చెవి పెట్టి వింది.

టక్… టక్… గట్టి చెక్క. జానెడు జరిగింది. టక్… గట్టి చెక్క. ఇంకో జానెడు. ధబ్… ధబ్… ధబ్… తర్వాత మళ్లీ టక్.

ఆవిడ నిటారుగా కూర్చుంది.

ఇది భయపెట్టడానికి కొట్టే దెబ్బ కాదు. భయపెట్టేవాడు ఇంత ఓపిగ్గా కొట్టడు. చెక్క ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ మెత్తబడింది అని చూడ్డానికి పనివాళ్లు కొట్టే దెబ్బ ఇది. తన చిన్నప్పుడు, పడవలు బాగుచేసే నాన్న పక్కన నిలబడి వేలసార్లు విన్నది.

పెన్సిలు తీసింది. చీకట్లోనే, ధబ్ మన్న ప్రతిచోటా అలమర మీద చిన్న సున్నా చుట్టింది. చప్పుడు ఆగాక లైటు వేసి చూసింది. ఏడు సున్నాలు. ఏడూ ఒకేచోట గుంపుగా, సరిగ్గా తీగలు బిగించే స్టీలు పట్టీల కిందిభాగం ఉండాల్సిన చోట.

గురువారం పొద్దున టీచరమ్మకి కబురు పెట్టింది. రాత్రి చప్పుళ్ల మాట ఎత్తకుండా, అలమర వెనక చూడకపోతే శనివారం పడవ దింపనని చెప్పింది.

టీచరమ్మకి కోపం వచ్చింది. మూడు వారాలుగా రోజుకో కొత్త లోపం చెప్తున్నారని, పని సాగదీయడానికి మీకిది అలవాటని నిన్ననే బ్రోకరు తనతో అన్నాడని, ఇప్పుడు నాన్న అలమర మీద పడ్డారని అంది. పానా అక్క సుత్తి తీసి ఆమె చేతికిచ్చింది. సున్నాల పక్కన కొట్టమంది. తర్వాత సున్నాల్లో కొట్టమంది.

టీచరమ్మ కొట్టింది. రెండోసారి కొట్టింది. మొహంలో రంగు మారింది.

"విప్పండి," అంది. "నేను ఇక్కడే కూర్చుంటాను."

గంట పట్టింది. అలమర గోడ నుంచి ఊడి రాగానే తడి మట్టి వాసన గుప్పుమంది. వెనక పలుచటి కొత్త చెక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద శుభ్రంగా రంగు. పానా అక్క పానా కొసతో ఆ రంగు మీద నొక్కింది. పానా సగం దాకా లోపలికి దిగిపోయింది.

పలుచటి చెక్క పీకేసింది. లోపల పడవకి పక్కటెముకలా ఉండే వంపు దుంగ నల్లగా, నానిన రొట్టెలా ఉంది. చేత్తో తీస్తే ముద్దలుగా వచ్చింది. స్టీలు పట్టీ పైన తళతళలాడుతోంది గానీ, కింద బోల్టు కన్నాల దగ్గర తుప్పు తినేసి గోరంత మందమే మిగిలింది. ఒక బోల్టుని రెండు వేళ్లతో పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసింది.

మొదటి పెద్ద గాలికి కొయ్య కూలేది. టీచరమ్మ చాలాసేపు ఆ బోల్టునే చూస్తూ కూర్చుంది. తర్వాత తన కూతురు పడుకోవాల్సిన మంచం ఎక్కడుందో చూసింది. సరిగ్గా దాని కిందే.

"ఇదెవరో తెలిసే కప్పారు, అక్కా," అంది మెల్లగా.

"అవును. తెలిసే."

ఆ రాత్రి పానా అక్క పడవలో పడుకోలేదు. క్యాబిన్లో లైటు వెలిగించి ఉంచింది. తను మాత్రం చీకటి పడగానే కట్టెల కుప్ప వెనక చేరి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. రేడియో పాడుతోంది. చుక్కల వెలుగులో సముద్రపు గోడ నల్లటి గీతలా ఉంది…

ఆ గీత మీద ఏదో కదిలింది.

మనిషంత ఎత్తు. గోడ మీదే నడిచొస్తోంది. కింద నేల మీద అడుగు పెట్టకుండా, మెల్లగా, చప్పుడు లేకుండా. చేతిలో పొడుగాటి గెడ. గెడ చివర ఏదో గుండ్రంగా కట్టి ఉంది. పడవకి ఎదురుగా వచ్చి ఆగింది. గెడ ముందుకి చాచింది.

టక్… టక్…

పానా అక్క కట్టెల సందులోంచి తొంగి చూసింది.

ధబ్ మనాల్సిన చోట ఈసారి అలా మనలేదు. పలుచటి చెక్కా, కుళ్లిన పక్కటెముకా తీసేశాక అక్కడ మిగిలింది బయటి పలక ఒక్కటే. డొల్లగా, డప్పులా మోగింది.

గోడ మీది ఆకారం ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మోత. గెడ చేతిలోంచి జారి గోడకి తగిలింది. ఆకారం ఉన్నచోటే కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది.

"తీసేసింది…" అని గొణిగింది. "తీసేసింది…"

ఆ గొంతు ఆవిడకి తెలుసు.

పానా అక్క లేచి వెళ్లి గోడ కింద నిలబడింది.

"తాతా," అంది.

తాత ఉలిక్కిపడలేదు. తల ఎత్తలేదు. ఎప్పటి నుంచో ఆ పిలుపు కోసమే కూర్చున్నవాడిలా ఉన్నాడు. ఆవిడ చెయ్యి అందిస్తే పట్టుకుని దిగాడు. నేలకేసి చూస్తూ, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పుకొచ్చాడు.

వాచ్‌మన్ కాకముందు ఆయన ఈ యార్డులోనే వడ్రంగి. పన్నెండేళ్ల కిందట ఈ పడవా, డాక్టరుగారి పడవా పక్కపక్కన నిలబెట్టి, రెండింటికీ పని చేసింది ఆయనే. డాక్టరూ, టీచరమ్మ తండ్రీ స్నేహితులు. వారం తేడాతో ఇద్దరూ బయల్దేరాలి. విప్పి చూస్తే రెండింటికీ ఒకేచోట కుళ్లు. కొత్త చెక్క రావడానికి నెల పడుతుందన్నారు. పోటు తేదీ దగ్గర పడింది. ఈ ఒక్క సీజనుకి ఆగుతుందిలే అని పైన పలుచటి చెక్క అంటించి రంగేశాడు. రెండు పడవలకీ ఒకే వారంలో, ఒకే చేత్తో.

డాక్టరు ముందు వెళ్లాడు.

ఆ తర్వాత ఆయన ఉలి పట్టలేదు. యార్డులోనే వాచ్‌మన్‌గా చేరాడు. ఏడాదికి రెండు మూడుసార్లు, ఎవరూ లేనప్పుడు, గోడెక్కి ఈ పడవని కొట్టి చూసుకునేవాడు, కుళ్లు ఎంతదాకా పాకిందోనని. గదిలో రేడియో పాడుతుండగానే వచ్చేవాడు, వెలుగు పడితే గోడ అవతలి రాళ్ల మీదికి జారిపోయేవాడు. పడవ కదలనన్నాళ్లూ ఫర్వాలేదనుకున్నాడు. టీచరమ్మ కూతుర్ని తీసుకుని వచ్చి పడవ చూపించిన రోజు నుంచి ఆయనకి అన్నం సహించలేదు.

"నోటితో చెప్పొచ్చు కదా తాతా."

"చెబితే… డాక్టర్ని మింగింది సముద్రం కాదని కూడా చెప్పాలి కదమ్మా." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీకు చెవి ఉందని తెలుసు. వింటావనుకున్నాను."

ఆ కుళ్లు మీద చెక్క అంటించమని చెప్పిందెవరని పానా అక్క అడిగింది. తాత గెడ తీసుకుని గది వైపు తిరిగాడు. చలేస్తోందన్నాడు.

పడవ సంగతి ముందే చెప్పేస్తాను. అది ఆ శనివారం దిగలేదు. కొత్త పక్కటెముకలు, కొత్త పట్టీలు వేసి, రెండు నెలల తర్వాత దింపారు. ఏడాది తిరిగి ముగ్గురూ క్షేమంగా వచ్చారు. తాత డాక్టరుగారి భార్య దగ్గరికి ఒక్కడే వెళ్లి జరిగింది చెప్పుకున్నాడు. ఆవిడ ఏమందో ఎవరికీ చెప్పలేదు. చివరి మూలలో ఇప్పుడు రెండు పడవలు నిలబడుతున్నాయి.

అయితే పానా అక్కకి ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. అది శుక్రవారం పొద్దున జరిగింది.

టీచరమ్మకి నీ నోటితోనే చెప్పాలని తాతతో అంది పానా అక్క. పక్కన తను నిలబడతానంది. తాత ఒప్పుకున్నాడు. పడవ నీడలో, తల వంచుకుని, తన చెప్పుల్ని చూస్తూ మొత్తం చెప్పాడు. దేన్నీ దాచలేదు, తగ్గించలేదు. టీచరమ్మ చివరిదాకా వింది. అరుస్తుందనుకున్నారు. అరవలేదు.

విప్పేసిన అలమర చెక్కలు పక్కనే పేర్చి ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేసి నిలబడింది. డాక్టరుగారు పోయాక నాన్న పడవని ఒక్కసారీ దింపలేదని అంది. కారణం అడిగితే చెప్పేవాడు కాదట. ఏటా ఒక్కడే వచ్చి, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వెళ్లిపోయేవాడట. స్నేహితుడు పోయిన బాధ అనుకున్నారు ఇంట్లో.

తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"మా నాన్నకి తెలుసా?"

తాత తల ఎత్తాడు. పన్నెండేళ్లలో ఎవరి మొహంలోకీ చూడని మనిషి, అంత చెప్పినప్పుడు కూడా నేల మీంచి చూపు తిప్పని మనిషి… సూటిగా ఆమె కళ్లలోకి చూశాడు. రెప్ప వేయలేదు.

"తెలియదు తల్లీ," అన్నాడు. "ఆయనకేమీ తెలియదు."